లావు టైరులో పట్టిన మాటలు

రిటైరై మూడేళ్ళయినా డ్రిల్లు మాస్టారు డ్రిల్లు మాస్టారే. పొద్దున్నే ఆరుగంటలకు ఆరోగ్యస్వామి వాకిట్లో సైకిలుకు గాలి కొడుతూ, ఒకటీ, రెండూ, మూడూ అని వీధంతా వినపడేలా లెక్కపెట్టేవాడు. షుగరు తగ్గాలంటే రోజూ సైకిలు తొక్కమని డాక్టరు చెప్పాడు మరి.

వరండాలో ఆయన భార్య కృపమ్మ బియ్యం ఏరుకుంటూ ఏదో గొణుగుతుండేది. ఆయనతో కాదు. తను మాచర్లలో చెల్లెలింటికి వెళ్ళినప్పుడు ఆయన ఒక్క మాటైనా చెప్పకుండా గేదెను అమ్మేశాడు. వచ్చి ఖాళీ కొట్టం చూసి, "ఇక నాతో మాట్లాడమాకండి" అన్నది. ఆయనా పంతానికి పోయాడు. అప్పటికి ఐదేళ్ళు. ఏదైనా చెప్పాలంటే ఇద్దరూ కోళ్ళకు చెప్పేవాళ్ళు.

వాళ్ళ ఊరు రెంటచింతలలో గాలి కొట్టేటప్పుడు పక్కన ఎవరు మాట్లాడినా ఆ మాట ట్యూబులోకి పోతుంది. గాలి పోయేటప్పుడు బయటికొస్తుంది. కరీముల్లా సైకిలు షాపులో "గాలి పట్టునప్పుడు మాట్లాడరాదు" అని బోర్డు కూడా ఉంది. మాస్టారి నోరు మూయించేదెవరు?

ఆయన మొదట కొన్నది సన్న టైర్ల సైకిలు. ఓరోజు చర్చి గేటు ముందు దాని టైరు టప్పున పేలింది. అందులోంచి కృపమ్మ గొంతు, "తిక్క మనిషి!" అన్నది. అంతే, గాలి అయిపోయింది. గేటు దగ్గరున్న నలుగురూ మర్యాదగా పక్కకు చూశారు. మాస్టారికి మాత్రం చానా బాధేసింది. రోజూ నా గురించి అనుకునేది ఇదేనా అనుకున్నాడు.

సైకిలు నడిపించుకుంటూ షాపుకి వెళ్ళి, "ఏంది కరీముల్లా, రోజూ తిరిగేదానికి ఇది పనికొస్తదా?" అని అడిగాడు.

"తారురోడ్డు మీదైతే దీన్ని పట్టుకునేది లేదు మాస్టారూ. కానీ వారానికి రెండుసార్లు గాలి కొట్టాల. ముల్లు గుచ్చుకుందా, పని అయిపోయినట్టే. అదిగో, ఆ లావు టైర్లది చూడండి. నిదానంగా పోద్ది, బరువు కూడా. అయితే గుంతల్లో మీ నడుం అదరదు, రేగడి మట్టిలో దిగబడదు. నెలకోసారి కొట్టుకుంటే చాలు."

మాస్టారు లావు టైర్లది తెచ్చుకున్నాడు. ఈస్టరు ముందు రోజు దానికి పంపుతో రెండు వందల పోట్లు గాలి కొట్టాడు. మర్నాడు కృపమ్మ కోళ్ళకు గింజలేస్తూ, "రేపు పది గంటల బస్సుకు చెల్లెలి దగ్గరికి పోతున్నా. ఇక రాను" అన్నది. ఆయన వినీ విననట్టు సైకిలు తుడుచుకున్నాడు. తిక్క మనిషితో ఎవరుంటారులే అనుకున్నాడు.

సోమవారం పొద్దున మాస్టారు సైకిలేసుకుని మిరప కల్లాల దాకా పోయాడు. ఆమె వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉండలేకనే పోయాడు. తిరిగొస్తుంటే ఊరికి మూడు కిలోమీటర్లుందనగా వెనక టైరులో సర్కారుకంప ముల్లు దిగింది. గాలి నెమ్మదిగా పోసాగింది.

"ముప్పైనాలుగు" అన్నది టైరు, ఆయన గొంతుతోనే. ఆ వెనకే కృపమ్మ గొంతు, "టోపీ పెట్టుకోడు. ఎండకు పడిపోతే ఎవరెత్తుకొస్తారు?"

మాస్టారు దిగి టైరు పక్కన కూలబడ్డాడు. అతుకు సామాను జేబులోనే ఉంది. గాలంతా పోకముందే అతుకేస్తే పది గంటలకు హాయిగా ఊళ్ళో ఉండొచ్చు. కానీ చెయ్యి జేబులోకి పోలేదు.

"డెబ్భైరెండు... మాత్ర వేసుకున్నాడో లేదో. డెబ్భైమూడు... గేదె పోతే పోయింది, అడిగితే వద్దంటానా? నూటపద్దెనిమిది... మాచర్ల పోయి నేనేం జేస్తా. పోతానంటే ఉండమని ఒక్క మాటైనా అంటాడా ఈ మనిషి? నూటతొంభై... ఏం కూర చెయ్యమంటారని అడిగి ఐదేళ్ళయింది. రెండొందలు."

టైరు చప్పబడిపోయింది. మాస్టారు కళ్ళు తుడుచుకొని గడియారం చూశాడు. తొమ్మిదీ ఇరవై. ఇప్పుడు అతుకేసినా గాలి కొట్టే పంపు ఇంట్లో ఉండిపోయింది. సన్న టైర్లదైతే భుజాన వేసుకొని పరిగెత్తేవాడు. దీన్ని గేదెను తోలినట్టు తోలుకు రావలసిందే. వదిలేసి పరిగెత్తుదామనిపించింది. ఆ మాటలు మోసిన సైకిలును ఎండలో పారేయడానికి మనసొప్పలేదు. గాలి పోయిన టైరు తారుకు అతుక్కుంటుంటే, ఆ వయసులో, చొక్కా తడిసి ముద్దయ్యేలా తోసుకుంటూ వచ్చాడు.

ఆయన బస్టాండు చేరేసరికి మాచర్ల బస్సు ఆగి ఉంది. కృపమ్మ సంచితో సహా మెట్టు మీద ఒక కాలు పెట్టింది. మాస్టారికి ఊపిరి అందడం లేదు. సైకిలును మెట్టు దాకా తోసుకొచ్చి, ఐదేళ్ళలో మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు.

"దోసకాయ పప్పు" అన్నాడు చివరికి.

కృపమ్మ వెనక్కి తిరిగింది. ఆయన్నూ, చప్పబడ్డ టైరునూ, మళ్ళీ ఆయన్నూ చూసింది.

"ఎక్కుతారా, లేదా?" అని కండక్టరు కసిరాడు.

ఆమె మెట్టు మీంచి కాలు తీసి, సంచి తెచ్చి సైకిలు హ్యాండిలుకు తగిలించింది.

"దోసకాయలు ఇంట్లో లేవు. పట్టుకెళ్దాం పదండి" అన్నది.