ఎరుపు రాని కార్డు

సోమవారం పొద్దున్నే కంట్రోల్ రూమ్ తెర నల్లబడిపోయింది. ఆ కోల్డ్ స్టోరేజీలో ఎనిమిది గదులు. వాటిని చల్లబరిచేది అమ్మోనియా గ్యాసు. అది ఎక్కడైనా కారుతోందా అని కనిపెట్టి ఉండేది ముప్పయ్యేళ్ల నాటి కంప్యూటరు. తెర మీద గదికొకటి చొప్పున ఎనిమిది రంగు డబ్బాలుంటాయి. ఆకుపచ్చగా ఉంటే క్షేమం. పసుపుపచ్చకు తిరిగితే గ్యాసు పెరుగుతోందని అర్థం. ఎర్రబడిందంటే ఎక్కడి పని అక్కడ వదిలేసి బయటికి పరుగెత్తాలి. ప్రమాద సైరను కూడా ఒకటుండేది గానీ, ఊరికే కూస్తోందని దాని వైరు ఎవరో ఎప్పుడో పీకేశారు.

"కొత్త కంప్యూటరు రావడానికి పన్నెండు రోజులు పడుతుందట," అన్నాడు మేనేజరు. "అందాకా తలుపులు మూసుకోమంటావా, టెస్టరూ?"

జేబులో టెస్టరు లేకుండా గుమ్మం దాటడని ఆ ఎలక్ట్రీషియన్‌కి ఆ పేరే స్థిరపడిపోయింది. అతను మూత విప్పి చూశాడు. కంప్యూటరు బతికే ఉంది. తెరకి బొమ్మ పంపించే గ్రాఫిక్స్ కార్డు మాత్రం మాడిపోయింది.

"ఇలాంటి కార్డు ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకదు," అన్నాడు. ఆ తర్వాత గొంతులో సంబరం దాచుకోలేక, "మా ఇంట్లో ఉంది," అన్నాడు.

అటక మీంచి రేకుపెట్టె దించుతుంటే భార్య వంటగదిలోంచి తొంగిచూసింది. "ఏంటండీ, మీ మొదటి పెళ్లాం బయటికొస్తోంది?"

"పని పడింది దానికి," అన్నాడతను.

పాత లుంగీ గుడ్డలో చుట్టిన కార్డు మూరెడు పొడవుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వేడెక్కిన దుమ్ము వాసన ఇంకా అలాగే ఉంది. అతనికి పదకొండేళ్లు, అక్కకి పద్నాలుగేళ్లు ఉన్నప్పుడు నాన్న ఆఫీసులో పారేస్తున్న కంప్యూటరొకటి అడిగి ఇంటికి తెచ్చాడు. సాయంత్రాలు ముగ్గురూ దాని ముందు చేరేవాళ్లు. నాన్న పుస్తకం చూసి బొమ్మలేసే ప్రోగ్రాము చదివితే అక్క టైపు చేసేది. లెక్కపెట్టగలిగినన్ని రంగులు, వేలి గోరంతేసి చుక్కలు. వాటితోనే ఇల్లు, చెట్టు, సూర్యుడు. ఇంటి కప్పుకి ఎరుపు రాసేవాళ్లు గానీ కప్పు తెర మీద పడేదే కాదు. గోడలు మాత్రం మొండిగా నిలబడేవి. తెల్లగా రావాల్సిన అక్షరాలు నీలిగా వచ్చేవి. "తెర ముసలిదిరా, దానికి అన్ని రంగులూ ఎక్కడ గుర్తుంటాయి?" అని నాన్న నవ్వేవాడు. ఆ తెర ఎప్పుడో తుక్కులోకి పోయింది. నాన్న కూడా లేడు. మిగిలింది ఈ కార్డే.

మధ్యాహ్నానికల్లా కార్డు కూర్చోబెట్టి స్విచ్చి వేశాడు. తెర రెండుసార్లు వణికి వెలిగింది. ఎనిమిది ఆకుపచ్చ డబ్బాలు, వాటి కింద నీలిరంగు అక్షరాలు. నిన్నటిదాకా ఆ అక్షరాలు తెల్లగా ఉండేవన్న సంగతి అతనికి తెలుసు. అయినా ఆ నీలం చూస్తుంటే తప్పుగా అనిపించలేదు, ఇల్లు గుర్తొచ్చింది.

అక్క అక్కడే ప్యాకింగ్ షెడ్డులో సూపర్‌వైజరు. భోజనాల వేళ ఆమెను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. ఆమె తెర దగ్గరికి వంగి నీలి అక్షరాల మీద వేలు పెట్టింది.

"మన ఇంటికి కప్పుండేది కాదు, గుర్తుందా?" అంది. "వానొస్తే ఎలాగని నువ్వు ఏడ్చావు కూడా."

"ఏడవలేదు. అడిగానంతే."

ఆమె నవ్వింది. మళ్లీ తెర వైపు చూసి నవ్వు ఆపేసింది. "ఒరేయ్, ఇది మన ఇంటి తెర కాదు కదా. ఇదెందుకు నీలంగా ఉంది?"

"ఇదీ ముసలిదైంది కదే, అక్కా."

"ఎందుకైనా మంచిది, రంగులన్నీ ఒకసారి వేసి చూసుకో."

చూస్తానన్నాడు. ఆ సాయంత్రం మోటారేదో మొరాయిస్తే అటు వెళ్లాడు. మర్నాడు గుర్తొచ్చింది గానీ, చక్కగా నడుస్తున్నదాన్ని కెలకడం దేనికనిపించింది.

బుధవారం ఐదో గది కిటికీ కింద రెండు పావురాలు చచ్చి పడున్నాయి. పిల్లి పని అయ్యుంటుందని ఊడ్చే ఆమె చేటలోకి ఎత్తి పారేసింది. వాటి ఒంటి మీద గాయమేమీ లేదు. గురువారం మూటలు మోసేవాళ్లు కళ్లు నులుముకుంటూ బయటికొచ్చారు. అక్క రోజంతా దగ్గుతూనే ఉంది. శుక్రవారం ఉదయం షెడ్డు నుంచి ఫోను చేసింది.

"ఐదో గదిలో ఘాటుగా ఉందిరా. తెర ఏమంటోంది?"

"పచ్చగానే ఉంది."

"ఏ పచ్చ? ఆకుపచ్చా, పసుపుపచ్చా?"

"ఆకుపచ్చేనే బాబూ! చిలక రంగులో మెరిసిపోతోంది."

"సరేలే, నీ మాట మీదే మనుషుల్ని లోపలికి పంపిస్తున్నా," అని పెట్టేసింది.

మూడింటికి టీ గ్లాసు పట్టుకుని అతను తెర ముందు కూర్చున్నాడు. ఏదో వెలితిగా తోచింది గానీ, ఏమిటో అందలేదు. డబ్బాలు లెక్కపెట్టాడు. ఏడు. మళ్లీ వేలు పెట్టి లెక్కపెట్టాడు. నాలుగో డబ్బా ఉంది, ఆరో డబ్బా ఉంది. మధ్యలో ఐదోది ఉండాల్సిన చోట నున్నటి నలుపు.

కార్డు మళ్లీ పోతోందేమో అనుకున్నాడు. తెర మీద తట్టాడు. అప్పుడు మనసులో మెదిలింది, గోడలు మాత్రమే ఉన్న ఆ ఇల్లు. ఎరుపు రాస్తే నలుపైపోయిన కప్పు. తప్పు ఆనాడు కూడా తెరది కాదు. ఈ కార్డుకి ఎరుపు పుట్టుకతోనే లేదు. ఎరుపు కలవని పసుపు ఆకుపచ్చగానే కనబడుతుంది. రెండు మూడు రోజులుగా కంప్యూటరు పసుపుపచ్చ పంపిస్తుంటే అతను దాన్ని చిలక రంగని మురిసిపోయాడు. ఇప్పుడది ఎర్రబడింది.

గ్లాసు ఎక్కడ పడిందో అతనికి తెలియదు. షెడ్డుకి ఫోను చేశాడు.

"అక్క ఎక్కడ?"

"ఐదో గదిలో. ఇద్దరు మనుషుల్ని తీసుకుని ఇప్పుడే లోపలికెళ్లింది."

మెయిన్ వాల్వు తిప్పి మూసేసి, గోడకున్న మాస్కు తగిలించుకుని పరుగెత్తాడు. ఐదో గది తలుపు సగం తెరిచి ఉంది. బయట మోసేవాళ్లిద్దరూ నేల మీద పడి కక్కుకుంటున్నారు. "మమ్మల్ని తోసేసింది, అన్నా... ఆమె లోపలే..." అన్నాడొకడు. లోపల తెల్లటి పొగ నడుములోతున ఉంది. అతను వంగి చేతులతో తడుముకుంటూ వెళ్లాడు. బస్తాల వరసకీ గోడకీ మధ్య చీర కొంగు చేతికి తగిలింది.

అక్క బతికింది. గొంతు పూర్తిగా కాలిపోయిందని, ఎడమ కంటికి చూపు రావడం కష్టమని డాక్టరు చెప్పాడు.

మర్నాడు ఆసుపత్రి వరండాలో మేనేజరు అతన్ని పక్కకి లాగాడు. "పైపు తుప్పు పట్టింది. అంతవరకే జరిగింది. కార్డు సంగతి నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియక్కర్లేదు. నీ మంచికే చెబుతున్నా."

అతను అక్క మంచం దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. మొత్తం చెప్పాడు, చూడమంటే చూడకపోవడం దగ్గర్నుంచి. ఆమె కట్టు లేని కంటితో అతన్నే చూస్తూ వింది. మాట రాక, పక్కనున్న పలక కోసం సైగ చేసింది. దాని మీద వంకర అక్షరాలతో రాసింది: "నాకు చెప్పావు. చెప్పాల్సినవాళ్లకి కూడా చెప్పు." కింద ఇంకో ముక్క చేర్చింది: "ఇప్పుడు నా ముందు కూర్చోకు."

ఆ సాయంత్రమే అతను కార్డు తీసుకుని ఫ్యాక్టరీల భద్రతా అధికారి ఆఫీసుకి వెళ్లాడు. ఆ అధికారి నెరిసిన జుట్టు మనిషి. టేబులు మీద పెట్టిన కార్డును పెన్నుతో అటూ ఇటూ తిప్పుతూ అతను చెప్పిందంతా రాసుకున్నాడు. రాయడం అయ్యాక తలెత్తాడు.

"ఇలాంటి పాత కార్డులు నువ్వు ఇంకెక్కడైనా బిగించావా?"

అతనికి సంతలో తుక్కు బేరగాళ్ల దగ్గర ముచ్చటపడి ఏరుకొచ్చినవి, అడిగినవాళ్లకి ఊరికే ఇచ్చినవి, స్వయంగా వెళ్లి బిగించినవి ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి.

"రంగుల ఫ్యాక్టరీ బాయిలరుకొకటి," అన్నాడు. "మంచినీళ్ల కేంద్రంలో క్లోరిన్ గ్యాసు గదికొకటి."

"రంగులన్నీ పరీక్ష చేశావా?"

"లేదండీ. వెలిగితే చాలనుకున్నాను."

అధికారి ఫోను అందుకున్నాడు. రంగుల ఫ్యాక్టరీ వాళ్లు వెంటనే ఎత్తారు, బాయిలరు ఆర్పేస్తామన్నారు. నీళ్ల కేంద్రంలో ఫోను మోగి మోగి ఆగిపోయింది. రెండోసారీ అంతే. అధికారి టోపీ తీసుకుని లేచాడు. "జీపెక్కు."

నీళ్ల కేంద్రం గేటు బార్లా తెరిచి ఉంది. కాపలా మనిషి కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది. జీపు ఆగీ ఆగకముందే అతను దూకి, క్లోరిన్ గది వైపు అరుస్తూ పరుగెత్తాడు.

"బయటికి రండి! అందరూ బయటికొచ్చేయండి!"

లోపల్నుంచి ఎవరో దగ్గారు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.