దిద్దని వాక్యం

మా ఇంటి బైబిలు వెన్ను విరిగి మూడేళ్లయింది. పుస్తకాలు కుట్టేవాడి ఇంట్లో చిరిగిన బైబిలేంటయ్యా అని ఎవరైనా అంటే, కుమ్మరివాళ్లింట్లో మంచి కుండుంటుందా అని నవ్వేసేవాణ్ణి. చివరికి నాన్నే దాన్ని గుడ్డలో చుట్టుకుని నా షాపుకి తెచ్చాడు. నా కూతురు, మా పాప, పోయి అప్పటికి ఆరు వారాలు.

"కొత్త అట్ట వెయ్యరా. ఆదివారం పాప కోసం ప్రార్థన కూడిక ఉంది. ముందు పేజీ అందరి ఎదుటా చదవాలి," అన్నాడు.

ఆ పేజీలో ఏముంటుందో నాకు చూడకుండానే తెలుసు. ముత్తాత నాటినుంచీ మా ఇంట్లో పుట్టినవాళ్లూ పోయినవాళ్లూ అందులోనే ఉన్నారు. పోయినవాళ్ల పేరు పక్కన వాళ్లకి బాగా దగ్గరివాళ్లు ఒక వాక్యం రాయాలి. రాయడమంటే సొంతంగా కాదు. ఇంటిపెద్ద పెన్సిల్‌తో సన్నగా రాసిస్తాడు, దగ్గరివాళ్లు దానిమీద సిరాతో దిద్దుతారు. దుఃఖంలో ఉన్నవాడి చెయ్యి తప్పు రాస్తుందని ఆ ఏర్పాటు. అమ్మ పోయినప్పుడు నేనూ బుద్ధిగా దిద్దాను. ఏం దిద్దానో ఆ సాయంత్రానికే మర్చిపోయాను.

నాన్న చర్చి సంఘంలో పెద్ద. టైమెంతయిందని అడిగినా అధ్యాయం, వచనం చెప్తాడని జనం వేళాకోళం. మా పాపయితే ఏకంగా 'జవాబుల తాత' అని పేరు పెట్టేసింది. ఉరుమెందుకు ఉరుముతుంది, కుక్కపిల్ల చస్తే ఎక్కడికి పోతుంది, దేనికైనా తాత దగ్గరికే పరుగు. నాకూ అదే హాయిగా ఉండేది. నమ్మేపని ఆయన చూసుకునేవాడు, నేను ఆయన పక్కన బెంచీలో కూర్చునేవాణ్ణి.

ఆసుపత్రిలో అయిదోరోజు పాప నా వేలు పట్టుకుంది. "నాన్నా, నాకు తగ్గుతుందా?"

"తాత చెప్పాడుగా తల్లీ, తగ్గుతుందని."

"తాత సంగతి కాదు. నువ్వు చెప్పు."

నేను ఫ్యాను వంక చూశాను. "తాతకి తెలియనిది నాకేం తెలుస్తుందే," అన్నాను.

అది గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడు పోయింది.

అప్పట్నించీ నోటికి ప్రార్థన రావడం లేదు. నా భార్య చర్చికే రానంది. "నా బిడ్డ ఎందుకు పోయిందో అక్కడ అందరికీ తెలుసు, నాకు తప్ప. చెప్పించుకునే ఓపిక లేదు," అంది.

నాన్న వెళ్లాక పాత కుట్టు విప్పాను. దారాలు కోసి, కాగితాలు కట్టలుకట్టలుగా విడదీసి, వెన్నుకి పట్టిన ఎండు జిగురు గీకాను. ముందు పేజీ విడిగా ఊడొచ్చింది. పాప పేరు. పక్కన నాన్న పెన్సిల్ రాత. ఇచ్చినవాడే తీసుకున్నాడన్న వాక్యం.

పెన్ను తీశాను. మొదటి అక్షరం మీద పెట్టబోయి ఆగాను.

అది అబద్ధమని కాదు. బైబిల్లో ఆ మాట మొదట అన్నవాడు తన పిల్లల్ని పోగొట్టుకున్న నోటితో అన్నాడు. వాడికది సొంతం. నేను దిద్దితే మాత్రం, పాపకి రెండోసారీ తాత జవాబే చెప్పినట్టు.

రబ్బరు పెట్టి చెరిపేశాను. పైకి చూసి, "ఉన్నావో లేదో నాకు తెలీదు. తిట్టుకుందామన్నా నోటికి నీ పేరే వస్తోంది, నేనేం చేసేది?" అన్నాను. ఆ ఆరు వారాల్లో నేను దేవుడితో మాట్లాడిన మొదటి మాట అదే. నిజం చెప్పాలంటే, నా జన్మలోనే మొదటిదేమో. బల్లమీద తలపెట్టి, పక్క షాపువాడు వింటాడని కూడా చూడకుండా ఏడ్చాను. తర్వాత చెరిపిన చోట రాశాను: 'ప్రభువా, నా పాప నన్నడిగింది. నేను చెప్పలేకపోయాను. నువ్వే చెప్పు.'

శనివారం నాన్న వచ్చాడు. కళ్లజోడు పెట్టుకుని చదివాడు. మళ్లీ చదివాడు.

"ఇదేం వాక్యంరా? ఎక్కడుందిది?"

"ఎక్కడా లేదు. నాది."

"దేవుడికే పని పురమాయిస్తున్నావా? రేపు సంఘం ముందు ఇది చదవమంటావా? నా తల తీసేస్తావురా నువ్వు!" ఊపిరి తీసుకున్నాడు. "అసలు నమ్ముతున్నావా, లేదా? అదొక్కటి చెప్పు."

"ఇన్నాళ్లూ నువ్వు నమ్మావు నాన్నా, నేను నీ పక్కన కూర్చున్నాను. ఇప్పుడు ఒక్కణ్ణీ నమ్మగలనో లేదో చూసుకుంటున్నాను. అక్కడెవరూ లేరనుకుంటే అడుగుతానా?"

ఏదో వచనం చెప్తాడనుకున్నాను. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

"తగ్గుతుందని దానికి చెప్పింది నేనే కదరా."

కాదనొచ్చు. అనలేదు. "అవును నాన్నా," అన్నాను.

"ఏ వాక్యం పట్టుకుని చెప్పానో... ఇప్పుడు వెతికినా తట్టడం లేదు."

ప్రార్థనకి చేతులు జోడించబోయి, ఏమనాలో తోచక, మళ్లీ ఒళ్లో పెట్టేసుకున్నాడు. డెబ్బై రెండేళ్ల మనిషి, పాఠం రాని పిల్లాడిలా నా మొహంకేసి చూశాడు.

"తెలీదనే దేవుడితో చెప్పు నాన్నా," అన్నాను.

నాన్న పెదవులు కదిలాయి. ఏం చెప్పుకున్నాడో నాకు వినపడలేదు.