తొంభై ఎనిమిది మార్కుల ఫ్రెంచి

ఇంటర్‌లో నాకు ఫ్రెంచిలో తొంభై ఎనిమిది మార్కులు వచ్చాయి. అదేం గొప్ప కాదు. హైదరాబాదులో మా బ్యాచంతా స్కోరింగ్ సబ్జెక్టని తీసుకున్నవాళ్లమే. పాఠం బట్టీ పట్టి రాస్తే మార్కులు పడేవి, నోరు విప్పి ఒక్క మాట మాట్లాడమని ఎవరూ అడగలేదు. ఆ మార్కుల మెమో చూసి గద్వాలలో మా ప్రైవేటు బడి కరస్పాండెంట్ జయపాల్ సారు నన్ను ఫ్రెంచి టీచరును చేసి, గేటు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. ఏడో తరగతి పిల్లలు హిందీ బదులు నా దగ్గర కూర్చుని, నాలాగే మార్కులకు నేర్చుకుంటున్నారు.

మూడేళ్లు ఏ గొడవా లేదు. ఈ ఎండాకాలం చీరల నేత చూడ్డానికి ఒక ఫ్రెంచి ఆవిడ మా ఊరొచ్చింది. ఆ సంగతి ఏ మహానుభావుడు చెప్పాడో, సారు ఆమెను శనివారం బడికి పిలిచేశారు. తల్లిదండ్రులను కూడా రమ్మన్నారు.

"మాలతి మేడం, మీరుండంగ మనకేం ఫికర్" అన్నారు. నా ఫికరంతా నేనుండటమేనని ఆయనకెట్లా చెప్పను?

రెండు రోజులు అన్నం సయించలేదు. నేను అడగాల్సినవి ఆరు ప్రశ్నలు, వాటికి ఆరు జవాబులు, చెప్పడానికి ఆరుగురు పిల్లలు. ఎవరి తర్వాత ఎవరో కూడా బట్టీ పట్టించాను. మా చిన్నప్పుడు ఇన్‌స్పెక్షన్ నాడు టీచర్లు చేయించినట్టే, అందరూ చేతులెత్తాలని, జవాబు వచ్చినవాళ్లు కుడి చెయ్యి, రానివాళ్లు ఎడమ చెయ్యి ఎత్తాలని చెప్పాను. రజితను మాత్రం చివరి బెంచీకి పంపాను. తల్లి సత్యమ్మ వెంట బొంబాయి బిల్డింగు పనుల దగ్గర తిరిగి తిరిగి, ఈ ఏడాదే బడిలో చేరిన పిల్ల. జవాబులు గుర్తుండవు. పైగా, రాకుంటే చెయ్యి ఎందుకెత్తాలని నన్నే అడిగింది. అందుకు దాని మీద బాగా అరిచాను.

శనివారం ఆవిడ వచ్చింది. అరవై ఏళ్లుంటాయి, ఎండకు మొహం కందిపోయింది. వెంట వచ్చిన గైడు బయట కారు దగ్గరే ఫోన్లో ఉండిపోయాడు. పిల్లలు ఆరు జవాబులూ గడగడా అప్పజెప్పారు. హమ్మయ్య అనుకునేలోపే ఆవిడ నా వైపు తిరిగి, తన భాష వచ్చిన మనిషి దొరికిందన్న సంబరంతో గబగబా ఏదో అంది. నాకు ఒక్క ముక్క అందలేదు.

సారు మైకు నా చేతిలో పెట్టి, "ఏమంటుండ్రు, జర తెలుగుల చెప్పుండ్రి" అన్నారు.

పిల్లలు చాలా బాగా మాట్లాడుతున్నారంటున్నారని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ తెల్లబోయి, గొంతు సవరించుకుని మళ్లీ అంది, ఈసారి మెల్లగానే. భయంలో నా చెవికి ఏదీ ఎక్కలేదు. అక్కడినుంచి పారిపోవాలనిపించింది. ఇట్లాంటి బడి తమ దేశంలో కూడా చూడలేదట అన్నాను. సిగ్గులేని నోరు, ఆగితేగా. చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి.

అంతలో చివరి బెంచీలోంచి రజిత లేచింది. ఇది నా కొంప ముంచుతుందనుకున్నాను. నేరుగా వచ్చి తన నీళ్ల సీసా ఆవిడ చేతికిచ్చింది. ఆవిడ గటగటా సగం తాగేసి, "మెర్సీ, మెర్సీ" అంటూ పిల్ల తల నిమిరింది. చప్పట్లు ఆగిపోయాయి. సారు నన్నే చూస్తున్నారు.

మైకు కిందపెట్టి, ఆమె మాట నీకెట్లా అర్థమైందని రజితను అడిగాను.

"మాట నాకు గూడ తెల్వదు మేడం, మొహం చూసిన. బొంబైల మాయమ్మ గిట్లనే నీళ్లడుగుతుండె. అక్కడోళ్లు సమజ్ గాక నవ్వుతుండిరి" అంది.

వెనక వరసలో సత్యమ్మ తల వంచుకుంది. నేను మైకు మళ్లీ తీసుకుని, ఆవిడ రెండుసార్లూ నీళ్లే అడిగిందనీ, నాకు ఆ భాష అర్థం కాక అబద్ధాలు చెప్పాననీ అందరికీ చెప్పేశాను.