జిప్పు అవసరం, బొమ్మ కోరిక

మెట్ల కింద ఉన్న ఆ కొట్టులో ఒక మనిషి కూర్చుంటే రెండో మనిషి నిలబడాలి. మూడో మనిషి వస్తే మొదటివాడు లేవాలి. ఒక కుట్టుమిషను, ఒక చెక్క స్టూలు, గోడకి వరసగా మేకులు, మేకులకి పట్టీలు తెగిన సంచులు. పాతికేళ్లుగా అక్కడ సంచులు బాగుచేస్తున్నాడు కాబట్టి వీధిలో అందరికీ ఆయన జిప్పుల మాస్టారు. జిప్పు రన్నర్ మీద బొటనవేలు ఆనించి ఒక్కసారి లాగితే చాలు, తప్పు ఎక్కడుందో చెప్పేస్తాడు. పన్ను విరిగిందా, గుడ్డ చిక్కుకుందా, లేక వట్టి బద్ధకమా. బద్ధకమైతే మైనం ముక్కతో నాలుగుసార్లు రుద్ది ఇచ్చేస్తాడు. దానికి డబ్బు తీసుకోడు.

ఈ మధ్య బేరాలు తగ్గాయి. పెద్ద వీధిలో కొత్త సంచుల షాపు పెట్టారు. జిప్పు మార్చడానికి ఈయన అడిగే డబ్బుకి ఇంకాస్త కలిపితే అక్కడ కొత్త సంచే వస్తుంది. వచ్చిన వాళ్లు సంచిని ఇటూ అటూ తిప్పి చూసి, "ఆలోచించి చెబుతానండీ" అని వెళ్లిపోతారు. సంచి గురించి అంత ఆలోచించే వాళ్లు లోకంలో ఉండరని ఆయనకి తెలుసు.

కళ్లజోడు ఎడమ అద్దం పగిలి నాలుగు నెలలైంది. పని వేళ్లతో నడిచిపోతోంది కదా అని ఊరుకున్నాడు.

సోమవారం సాయంత్రం కూతురు బడి నుంచి సరాసరి కొట్టుకే వచ్చింది. బడిలో ఆఖరి సంవత్సరం, అందులోనూ ఆఖరి వారం. పిట్ట కొంచెం, కూత ఘనం అన్నట్టు ఉంటుంది పిల్ల. ఆమెకి కాలేజీలో రెండేళ్ల అకౌంట్స్ కోర్సులో సీటు వచ్చిందని పది రోజుల కిందటే ఉత్తరం వచ్చింది. ఆ ముక్క సంచి తెచ్చిన ప్రతి మనిషికీ చెప్పేశాడు మాస్టారు, తేని వాళ్లకి కూడా.

"నాన్నా, అవసరానికీ కోరికకీ తేడా ఏంటి?"

"మీ మేడమ్ చెప్పలేదా?"

"చెప్పారు. పుస్తకంలో ఉన్నట్టే చెప్పారు. అందరికీ వచ్చేసింది, ఎవరికీ అర్థం కాలేదు."

మాస్టారు నవ్వి మేకు మీంచి ఒక సంచి తీశాడు. దాని జిప్పుకి గుడ్డ కుందేలు బొమ్మ ఒకటి వేలాడుతోంది.

"ఈ జిప్పు ఊడిందనుకో. ఇది సంచేనా?"

"కాదు. వట్టి గుడ్డ."

"ఈ బొమ్మ ఊడిందనుకో?"

"అయినా సంచే."

"అంతే మరి. జిప్పు అవసరం, బొమ్మ కోరిక. అది లేకపోతే పని ఆగుతుందా, ఆగదా? అదొక్కటి చూసుకో చాలు."

ఆ పిల్ల నోటుబుక్కు తీసి ఆ మాటని ఉన్నదున్నట్టు రాసుకుంది. తను అన్న మాట ఒకరు కాగితం మీద పెట్టడం ఆయన పుట్టాక అదే మొదలు. ఆ రోజు రెండు జిప్పులకి ఊరికే మైనం రుద్దాడు.

రాత్రి కాకముందే ఇంట్లో ముగ్గురూ చాప మీద కూర్చున్నారు. మూడో మనిషి ఆయన అత్తగారు. నాలుగేళ్ల కిందట తన కూతురు పోయాక, మనవరాలి కోసం ఇక్కడే ఉండిపోయింది. అల్లుడిని మామూలుగా "నాయనా" అంటుంది. వెటకారం వచ్చినప్పుడు మాత్రం "అల్లుడుగారూ" అంటుంది. బడిలో ఇచ్చిన ఇంటి పని ఏమిటంటే, నెల ఖర్చంతా రెండు వరుసల్లో రాయాలి, కింద పెద్దవాళ్ల సంతకం ఉండాలి.

అద్దె, కరెంటు, సరుకులు, దారం, జిప్పులు, మిషనుకి నూనె. అన్నీ మొదటి వరుసలోకి వెళ్లాయి.

"నన్నెక్కడ రాశావే పిచ్చుకా?" అంది అమ్మమ్మ.

"నిన్ను రాయలేదు. నీ మోకాళ్ల మందు రాశాను. మొదటి వరుసలోనే."

"నేను లేకపోతే ఈ ఇంట్లో ఏ పని ఆగుతుందని?"

"నువ్వు తిట్టకపోతే నాన్న పొద్దున్నే లేవడు. కొట్టు తెరవడు. పని ఆగుతుందిగా."

"అయితే రెండు మాత్రలు ఎక్కువ రాయి," అంది ముసలావిడ తృప్తిగా.

మాస్టారు పొద్దుటి టీ మొదటి వరుసలోకీ, సాయంత్రం టీ రెండో వరుసలోకీ పోయాయి. కళ్లజోడు దగ్గర కూతురి కలం ఆగింది.

"రెండో దాంట్లో రాయి," అన్నాడాయన. "అది లేకపోయినా పని ఆగలేదుగా."

రాస్తూ రాస్తూ ఆమె అటక మీదున్న సంచి వైపు చూసింది. ముదురు నీలం సంచి. దాని జిప్పు మీద అడ్డంగా దారం వేసి కుట్టేసి ఉంటుంది. పక్కన చీలిక ఒకటి. అందులోంచి నోటు లోపలికి వెళుతుంది కానీ బయటికి రాదు. తియ్యాలంటే కుట్టు కొయ్యాల్సిందే. మాస్టారుకి బ్యాంకు అంటే భయం లేదు, తన చేతి మీదే నమ్మకం లేదు. చెయ్యి చాచితే అందే డబ్బు నిలవదంటాడు.

"నాన్నా, దాచిన డబ్బు ఉన్నచోటే ఉండి కూడా తరిగిపోతుందట. మేడమ్ చెప్పారు."

"మనింట్లో ఎలుకలు కూడా లేవే. ఎవరు కొరుకుతారు?"

"ధరలు."

"అల్లుడుగారూ, విన్నారా? రేపటి నుంచి ధరలకి బోను పెట్టండి," అంది అత్తగారు.

మాస్టారు నవ్వేశాడు. "అందులో ఎంతుండాలో అంతా ఉందిలే. మూడేళ్ల కిందట కాలేజీకి వెళ్లి మరీ అడిగాను. ఫీజు ఎంతో కాగితం మీద రాయించుకొచ్చాను. పోయిన నెలతో పూర్తయింది. శనివారం వెళ్లి కట్టేసి వస్తాను."

కూతురు పేజీ కింద ఇంకేదో రాసింది. తర్వాత పుస్తకం ఆయన ముందు పెట్టి వేలుతో చూపించింది.

"ఇక్కడ సంతకం."

పెట్టాడు.

"ఇక్కడ కూడా."

"రెండెందుకు?"

"రెండు కాగితాలున్నాయి నాన్నా."

ఆమె వేలు ఎక్కడుంటే అక్కడ కలం ఆనించి, చివరి అక్షరానికి దారం కొసలా తోక లాగి, పెట్టేశాడు.

శనివారం పొద్దున కొట్టు తెరవలేదు. గడ్డం గీసుకున్నాడు. నీలం సంచి దించి కత్తెరతో కుట్టు కోశాడు. మూడేళ్ల దారం, రెండు పేటలు వేసి మరీ కుట్టాడేమో, తెగడానికి మొరాయించింది. ఆ కోతలో రన్నర్ కూడా ఊడి వచ్చింది. సంచి నోరు తెరుచుకునే ఉండిపోయింది. సరే, వచ్చాక వేసుకుందాంలే అని చంకలో పెట్టుకుని బయల్దేరాడు.

కాలేజీ ఆఫీసులో వరసలో నిలబడి గంటకి కిటికీ దగ్గరికి చేరాడు. గుమాస్తా పేరు చూశాడు, ఫైలు తీశాడు, మళ్లీ పేరు చూశాడు.

"ఈ సీటు వద్దని రాసిచ్చారు కదండీ. బుధవారం అందింది."

"ఎవరూ?"

"మీరేనండి." గుమాస్తా కాగితం కిటికీలోంచి జరిపాడు. ఆయన దాన్ని కుడి కంటికి దగ్గరగా తీసుకోవడం చూసి, తిరిగి పుచ్చుకుని తనే చదివాడు. "'ఇంటి పరిస్థితుల వల్ల మా అమ్మాయి ఈ కోర్సులో చేరడం లేదు.' సంతకం మీదేనా?"

దారం కొసలాంటి తోక. కాదనడానికి లేదు.

"నాదే. కానీ పొరపాటు జరిగిందండి. డబ్బు తెచ్చాను, చూడండి."

"సీటు గురువారమే వేరే వాళ్లకి ఇచ్చేశామండి. వాళ్లు చేరిపోయారు కూడా."

ఆయన సంచిలోంచి నలిగిన చీటీ తీసి ఇచ్చాడు. మూడేళ్ల కిందట ఇదే కిటికీ దగ్గర రాయించుకున్న చీటీ. అది చూపిస్తే ఏదో మారుతుందని కాదు, చేతిలో ఇంకేమీ లేక. గుమాస్తా దాన్ని కాసేపు చూశాడు. వెనక జనం గొణుగుతున్నా తొందరపెట్టలేదు.

"ఇది అప్పటి ధరండీ." చీటీ తిరగేసి, ఆయన కళ్లజోడు వైపు ఒకసారి చూసి, ఈ ఏటి అంకెని అరచేయంత పెద్దగా రాశాడు. "ఇప్పుడిది. ఒకేసారి కట్టాలి. సీటున్నా కూడా ఇది కట్టాల్సిందే."

అంత పెద్ద అంకెని చదవలేకపోవడం కుదరదు. సంచిలో ఉన్నది దాంట్లో సగానికి కొంచెం ఎక్కువ, అంతే.

పక్కకి జరగబోతే, సంచి ఒరిగి ఒక నోటు కట్ట జారబోయింది. వెనక నిలబడ్డ ఆవిడ చప్పున పట్టుకుంది. తన దగ్గరున్న పిన్నీసు తీసి సంచి మూతికి పెట్టింది. "జాగ్రత్త అన్నయ్యా, బస్సులో జనం," అంది. అంతకు మించి ఏమీ అడగలేదు. ఆ అడగకపోవడం ఆయనకి చాలాసేపు గుర్తుండిపోయింది.

ఇంటికి వెళ్లబుద్ధి కాక కొట్టుకి వచ్చాడు. తలుపు తీసే ఉంది. కూతురు ఆయన స్టూలు మీద కూర్చుని ఎవరిదో సంచి జిప్పుకి మైనం రుద్దుతోంది. పిన్నీసు పెట్టిన నీలం సంచి చూసి చెయ్యి ఆపింది.

"ఎప్పటి నుంచి తెలుసు?" అన్నాడు.

"ఉత్తరం వచ్చిన రోజు నుంచి. ఫీజు రెండో పేజీలో ఉంది."

"నాకు చెప్పకూడదా?"

"చెబితే ఏం చేసేవాడివి?"

ఆయన ఆలోచించాడు. అప్పు మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఇల్లాలి వైద్యానికి చేసింది నిరుడే తీరింది. ఇంక మిగిలింది ఏముంది?

"మిషను అమ్మేవాడివి," అంది కూతురు. "మిషను మొదటి వరుసలో ఉంది నాన్నా."

పై మెట్ల మీద ఎవరో దిగుతుంటే కొట్టు కప్పు కొంచెం అదిరింది.

"నేను బ్యాంకులో వేసుంటే?" అన్నాడాయన మెల్లగా. "నా మొండితనం వల్లేనా?"

"ఆ లెక్క కూడా వేసి చూశాను. వడ్డీ నడిచింది, ఫీజు పరిగెత్తింది. ఎలా వేసినా చాలేది కాదు. నీ తప్పు లేదు."

తప్పు ఉంటే బాగుండుననిపించింది ఆయనకి. తప్పుంటే దిద్దుకోవచ్చు.

ఆమె సంచిలోంచి నోటుబుక్కు తీసింది. పదికి పది మార్కులు. పక్కన ఎర్ర సిరాతో 'మంచి ఉదాహరణ' అని ఉంది. మాస్టారు పేజీని కుడి అద్దం దగ్గరికి తెచ్చుకుని రెండో వరుస మీదుగా వేలు దించాడు. సాయంత్రం టీ. కళ్లజోడు. అన్నిటికన్నా కింద, ఆ రోజు ఆయన సంతకం పెట్టే ముందు రాసింది: 'నా కోర్సు. లేకపోయినా పని ఆగదు.'

"లెక్క తప్పా నాన్నా?" నిజంగానే అడిగింది. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో.

రన్నర్ మీద వేలు పెట్టినట్టే ఆ రెండు వరుసల మీదా బొటనవేలు పెట్టి పైనుంచి కిందికి లాగాడు. ప్రతి పన్నూ ఎదుటి పంటిలోకి చక్కగా కూర్చుంది. ఎక్కడా విరగలేదు, ఎక్కడా చిక్కుకోలేదు. తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టయింది. తప్పు లేని జిప్పు తెరుచుకోకపోతే ఏం చెయ్యాలో ఈ పాతికేళ్లలో ఆయనకి ఎవరూ చెప్పలేదు.

"లెక్క కాదు," అన్నాడు చివరికి. "నేను చెప్పిన మాట..." అని, ఆ మాటలో ఏం తప్పో తెలియక ఆపేశాడు.

"సోమవారం నుంచి పనికి రమ్మన్నారు," అందామె తల దించుకుని. "బిల్లులు కొట్టడానికి. పెద్ద వీధిలో."

"ఏ షాపులో?"

ఆమె చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. పెద్ద వీధిలో బిల్లులు కొట్టే షాపు అదొక్కటే.

"పోనీలే," అన్నాడు కాసేపటికి. "వాళ్ల సంచులకి జిప్పులు ఏడాది కూడా ఆగవు. జిప్పు పోయినవాళ్లకి మన కొట్టు దారి చెప్పు."

నవ్వాలని ఇద్దరూ ప్రయత్నించారు. ఆమెకి కొంచెం వచ్చింది.

సాయంత్రం ఇంట్లో, కిటికీ పక్క వెలుతురులో, మాస్టారు నీలం సంచి ఒళ్లో పెట్టుకున్నాడు. పాత జిప్పు ఊడదీసి, కొట్లోంచి తెచ్చిన కొత్తది వేశాడు. పిన్నీసు తీసి జాగ్రత్తగా చొక్కాకి పెట్టుకున్నాడు. నోట్లు లోపల సర్ది, మూసి, పైన అడ్డంగా కుట్టడానికి సూది తీశాడు.

"మళ్లీ దేనికి అల్లుడుగారూ?" అంది అత్తగారు. ఈసారి 'గారు'లో వెటకారం లేదు, అలవాటు కొద్దీ వచ్చేసింది.

"వచ్చే ఏడాదికి."

"ముందు ఆ కళ్లజోడు కొనుక్కో నాయనా."

"అది రెండో వరుస అత్తయ్యా."

దారం కొస నోట్లో తడిపి సూది బెజ్జంలోకి పెట్టబోయాడు. తప్పిపోయింది. మళ్లీ తడిపాడు. మళ్లీ తప్పిపోయింది. వచ్చే ఏడాదికి ఫీజు ఎంతవుతుందో కూతురికి తెలుసు. ఆమె అది చెప్పడానికే నోరు తెరిచిందని ఆయనకీ తెలుసు. చెబుతుందని ఎదురుచూస్తూ సూదినే చూస్తున్నాడు.

ఆమె వచ్చి పక్కన కూర్చుంది. ఆయన చేతిలోంచి సూదీ దారం తీసుకుంది. కిటికీ వైపు ఎత్తి పట్టుకుని, ఒక్కసారికే ఎక్కించి, ముడి వేసింది.

"ఇదిగో నాన్నా," అంది. అంతే అంది.