మూగరాజు ముసుగు

మూగరాజుకు నోరు లేదు. ముప్ఫై ఏళ్లుగా పిల్లలు ఎగబడి చదువుతున్న బొమ్మల పుస్తకాల్లో ఆ వీరుడి ముసుగుకు రెండు కళ్లున్నాయి, అంతే. కాగితం మీద గీసిన మనిషికి ఊపిరితో పనేముంది? ఆ పుస్తకాలను సినిమాగా తీసినప్పుడు ముసుగులోకి దూరిన మనిషికి మాత్రం ముక్కూ నోరూ ఊపిరితిత్తులూ అన్నీ ఉన్నాయి. అతన్ని యూనిట్లో అందరూ కప్ప అంటారు. నీళ్లలో రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టి ఉండగలడు. హీరోగారి బదులు దూకడం, పడటం, మునగడం అతని పని. ముసుగు కుట్టేది అతని అక్క. దుస్తుల గదికి పెద్ద దర్జీ ఆమే.

మొదటి భాగంలో ముసుగు వెనక జిప్పు ఉండేది. లాగితే క్షణంలో ఊడొచ్చేది. సినిమా బ్రహ్మాండంగా ఆడింది. కానీ అభిమానులున్నారే, వాళ్లు కళ్లలో వత్తులు వేసుకుని చూస్తారు. ఎవడో పుణ్యాత్ముడు బొమ్మను ఆపి, పెద్దది చేసి, జిప్పు చుట్టూ ఎర్రగీత గీసి, "మూగరాజు పుర్రెకు జిప్పా?" అని లోకమంతా చాటాడు. దాంతో నిర్మాతకు పరువు పోయినట్టయింది. రెండో భాగంలో జిప్పూ వద్దు, కుట్టూ వద్దన్నాడు. వెనక చీలికను ముందే జిగురుతో అతికించి, పైన రబ్బరు పూత పూయాలట. తలకు తొడిగాక తీయాలంటే జిగురు కరిగే మందు రాసి నాలుగు నిమిషాలు ఆగాలి.

"లోపలున్నది మనిషనుకున్నారా, దూది దిండనుకున్నారా?" అని అక్క అడిగింది.

నిర్మాత పంపిన మనిషి నవ్వేసి వెళ్లిపోయాడు.

ఆమె భయమంతా ఒక్క షాట్ గురించి. నీళ్లు నిండిన రైలు పెట్టెలో మూగరాజు ఒంటరిగా అడుగుకు జారిపోవాలి. పుస్తకంలో పేజీ ఎలా ఉందో తెర మీద అలాగే ఉండాలని డైరెక్టర్ పట్టు. పెద్ద తొట్టిలో రైలు పెట్టెను దించారు. కిటికీ అవతల, కెమెరాకు కనబడకుండా, గాలి గొట్టం పట్టుకుని ఒక ఈతగాడు ఉంటాడు. అవసరమైతే ఆ గొట్టం కప్ప నోటికి అందిస్తాడు. అంతా బాగానే ఉంది గానీ, బయట ఊపిరాడటానికి సూది రంధ్రాలున్నాయే తప్ప, గొట్టం పెట్టడానికి ముసుగుకు నోరేదీ? ఈ ముక్క ఒక్కరికీ తట్టలేదు. తట్టిన అక్కను డైరెక్టర్ దగ్గరికి రానివ్వలేదు.

అందుకని ఆమె ఎవరికీ చెప్పకుండా ఒక పని చేసింది. బస్తా మూతికి వేసే గొలుసు కుట్టు ఉంటుంది కదా, సరైన కొస దొరికి లాగితే సర్రున మొత్తం ఊడిపోతుంది. ముసుగు వెనక చీలికను ఆ కుట్టుతో మూసింది. మెడ దగ్గర రబ్బరు సాగుతుంది కాబట్టి తల ఎలాగూ దూరుతుంది, తొడిగాక ఆ అంచును ఒంటికి అతికించేస్తారు. పైన పలచగా పూత పూసింది. దారం కొసకు ఆవగింజంత నల్లపూస కట్టి మెడ దగ్గర మడతలో దాచింది. నిర్మాత మనుషులకు చూపించడానికి అచ్చం అలాంటిదే ఇంకోటి, వాళ్లు చెప్పినట్టు జిగురుతో, తయారు చేసింది. ఆ గదిలో మొదటినుంచీ ఒక పద్ధతి. బల్ల మీద పెట్టింది సెట్‌కి వెళ్తుంది, అల్మారాలోది వెళ్లదు.

"మెడ మీద చెయ్యి పెట్టి తడుముకోకురా. ఎవరి కంటైనా పడిందంటే నన్ను గెంటేస్తారు" అని తమ్ముడికి మరీ మరీ చెప్పింది.

"సరేలేవే. దారముందంటే రెండు నిమిషాలు ఉంటానని డైరెక్టర్‌కి చెప్పేస్తా" అన్నాడు కప్ప. వాడికి అన్నీ సరదానే.

షాట్ రోజు ఉదయం నిర్మాత మనుషులు మాటా పలుకూ లేకుండా దుస్తుల గదికి ఊడిపడ్డారు. తలుపు చప్పుడుకే ఆమె బల్ల మీదున్న దారం ముసుగును గబుక్కున అల్మారాలో పెట్టి, జిగురు ముసుగును బల్ల మీదికి తెచ్చింది. వాళ్లు దాన్ని తిప్పి తిప్పి చూసి, గోటితో గీకి, మెచ్చుకుని వెళ్లారు. అంతలోనే హీరోగారి అంగీ అంచు చిరిగిందని కబురొచ్చింది. ఆమె సూదీ దారం పట్టుకుని పరుగెత్తింది.

దారిలో కప్ప ఎదురుపడ్డాడు. "అక్కా, పెట్టావుగా?"

"పెట్టాను, పెట్టాను. పో" అంది ఆగకుండా.

గంట తర్వాత తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. మేకప్ వాళ్లు ముసుగు తీసుకెళ్లినట్టున్నారు. మంచినీళ్లు తాగి, కత్తెర పెడదామని అల్మారా తెరిచింది. అందులో మూగరాజు రెండు కళ్లతో ఆమెనే చూస్తున్నాడు. మెడ మడతలోకి వేలు పోనిచ్చింది. నల్లపూస తగిలింది.

ఇది తను చేసిన పనేనని తెలియడానికి ఆమెకు ఒక క్షణం పట్టింది. ఉదయం మార్చింది తనే. తిరిగి మార్చనిది తనే. చెయ్యి దానంతటదే అల్మారా మూసింది, అప్పుడు పరుగు మొదలైంది. నడవా అంత పొడుగని ఆమెకు ఏనాడూ తెలియదు. మెట్లు దిగుతూ ఒకసారి పడింది, లేచింది. సెట్ తలుపు మీద ఎర్రదీపం వెలుగుతోంది. ఎర్రదీపం వెలుగుతుంటే ఆ తలుపు ముట్టుకోకూడదు. ముట్టుకుని ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్లను ఆమెకు పేరుపేరునా తెలుసు. భుజంతో ఒక్క తోపు తోసింది.

లోపల అందరూ ఊపిరి బిగబట్టి కెమెరాకు తగిలించిన తెర చూస్తున్నారు. తెర మీద కప్ప అడుగుకు జారిపోతున్నాడు. కుడిచెయ్యి మెడ వెనక్కి వెళ్లింది. వేళ్లు మెల్లగా కదులుతున్నాయి. ఎడమవైపు వెతికాయి, కుడివైపు వెతికాయి, మళ్లీ ఎడమవైపు వచ్చాయి. ఏం వెతుకుతున్నాడో ఆ గదిలో ఒక్కరికే తెలుసు.

"ఆహా, చూడండి ఆ చెయ్యి" అంటున్నాడు డైరెక్టర్ గుసగుసగా. "నేను చెప్పనే లేదు, తనే చేస్తున్నాడు!"

"ఆపండి! దారం లేదు! దాంట్లో దారం లేదు!" అని ఆమె అరిచింది.

ఎవరికీ ముక్క అర్థం కాలేదు. "ఎవరామె? బయటికి పంపించండి" అన్నారెవరో. తెర మీద రెండో చెయ్యి కూడా మెడ వెనక్కి వెళ్లింది. ఇప్పుడా వేళ్లు మెల్లగా లేవు, రబ్బరును పీకుతున్నాయి. డైరెక్టర్ ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది.

ఆమె తొట్టి మెట్లెక్కి గట్టు మీద బోర్లా పడుకుని అరచేత్తో నీళ్లను బాదింది. ఆ చప్పుడుకు ఈతగాడు పైకి చూశాడు, తర్వాత లోపలికి చూశాడు. కప్పను చంకల కింద పట్టి పైకి లాక్కొచ్చేసరికి వాడి కాళ్లు కొట్టుకోవడం ఆపేశాయి. గట్టు మీద వేశారు. ముసుగు నిండా నీళ్లు. లోపల ఛాతీ ఎగిరెగిరి పడుతోంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. మందు తెమ్మని ఎవరో కేకేశారు.

"మందేంటి నీ మొహం! జరుగు!" అంది అక్క.

మెడలో తాడుకు వేలాడే దారాల కత్తెర వేలెడంత ఉంటుంది. దాన్ని రబ్బరు కింద పోనిచ్చి మెడ నుంచి నడినెత్తి దాకా కోసుకుంటూ పోయింది. చెవి తెగింది, రక్తం చేతుల మీదుగా కారింది, ఆమె ఆగలేదు. రబ్బరు రెండుగా విచ్చుకుంది. నీళ్లు భళ్లున బయటికొచ్చాయి. కప్ప ముఖం నీలంగా ఉంది. నోరు తెరుచుకుంది, మూసుకుంది, మళ్లీ తెరుచుకుంది. మూడోసారికి గాలి లోపలికి వెళ్లింది. ఆ చప్పుడు వినగానే ఆమె అక్కడే కూలబడి పెద్దగా ఏడ్చింది.

తర్వాత ఆమెను ఎవరూ గెంటలేదు. తప్పు తనదేనని ఆమె చెప్పబోతే, నిర్మాత మనిషి "ఆ మాట బయట అనకండమ్మా" అని వినయంగా చెయ్యెత్తి ఆపాడు. కేసవుతుందని వాళ్ల భయం వాళ్లది. షాట్ మళ్లీ తీయాల్సిన అవసరం రాలేదు. చేతులు మెడ వెనక తడుముకునేదాకా వాడుకుని, అక్కడ కత్తిరించారు.

సినిమా విడుదలైన రోజు కప్పే ఆమెను బలవంతంగా ఉదయం ఆటకు తీసుకెళ్లాడు. హాలంతా పిల్లలు, పిల్లల కన్నా ఎక్కువ అల్లరి చేసే పెద్దవాళ్లు. రైలు పెట్టె మునిగింది. మూగరాజు జారిపోతూ మెడ వెనక చెయ్యి పెట్టాడు. హాలు దద్దరిల్లింది. ఈలలు, చప్పట్లు. ముందు వరసలో ఒక పిల్ల లేచి నిలబడి తన మెడ తడుముకుంటూ ఊగింది, వాళ్లమ్మ నవ్వుతూ ఫోటో తీసింది.

అక్క కళ్లు మూసుకుంది. పక్కన చప్పుడు లేదు. ఎంతసేపటికీ లేదు. కళ్లు తెరిచి చూస్తే తమ్ముడు రెండు చేతులతో కుర్చీని పట్టుకుని, పెదాలు బిగించి, తెర వైపే చూస్తున్నాడు. ఊపిరి తీయడం లేదు.

"ఒరే" అని భుజం కుదిపింది. "ఒరే, ఊపిరి తియ్యి!"

వాడు ఉలిక్కిపడి ఒక్కసారిగా గాలి పీల్చాడు. ఆమె వైపు తిరిగాడు. ఆ గోలలో ఆమె చెవి దగ్గరికి వంగి, చిన్నపిల్లాడిలా అడిగాడు.

"అక్కా, నేను బయటికొచ్చేశాను కదా?"

ఆమె చీకట్లో వాడి ముఖం మీద చెయ్యి పెట్టి, ముక్కు, నోరు, గడ్డం తడిమి చూసుకుంది. వేళ్లకు వెచ్చటి గాలి తగిలాక, "వచ్చావురా" అంది.