కార్డు వెనక శాన్ బియాజో

సెవెరీనో ఆరోగ్య కార్యాలయానికి అసలు వెళ్లనే లేదని ఇర్మా గట్టి నమ్మకం. వెళ్లిన మనిషి ఏదో ఒక కాగితం పట్టుకుని రావాలి కదా! పొద్దున ఎనిమిదింటికి బయల్దేరిన ఈ మహానుభావుడు పదకొండున్నరకి చేతులూపుకుంటూ వచ్చాడు.

"ఏదయ్యా యూరప్ కార్డు?" అంది ఇర్మా, పోలెంటా, అదే మొక్కజొన్న సంకటి, కలుపుతున్న గరిటె చేత్తో పట్టుకునే.

"మన దగ్గరే ఉందటే."

"మన దగ్గరంటే ఎక్కడ? అటక మీదా?"

"ఏమో మరి. అద్దం వెనకాల కూర్చున్న అమ్మాయి అలాగే అంది. మీ దగ్గరే ఉంది, వెళ్లి రండి అని, తరువాతి నంబరు పిలిచేసింది."

"పొద్దున్నించీ గిల్దోతో పేకాడుతూ కూర్చుని, ఆ అమ్మాయి మీద పెడతావా? సిగ్గు లేకపోతే సరి!"

సెవెరీనో టోపీ మేకుకి తగిలించి, పెరట్లోకి వెళ్లి టమాటా మొక్కలకి ఊతకర్రలు కట్టుకున్నాడు. నలభై ఒక్కేళ్ల కాపురంలో మాట పెరిగినప్పుడల్లా ఆయన పెరట్లోకే వెళ్లేవాడు. అందుకే వాళ్ల టమాటాలు ఊరందరి కంటే ముందు కాసేవి. ఇర్మా మాత్రం ఆయన మౌనాన్ని ఒప్పుకోలు కిందే జమకట్టింది.

అసలు ఆ కార్డు గొడవ తెచ్చింది వదిన ఒర్సోలా. నిరుడు ఆస్ట్రియాలో మంచు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుని వచ్చినప్పటి నుంచీ ఒకటే పాట. "యూరప్ కార్డు చూపించానే ఇర్మా, మహారాణిని చూసినట్టు చూశారు. అది లేకుండా సరిహద్దు దాటకండి." కట్టు విప్పేసి ఆరు నెలలైనా ఆ చెయ్యి అందరికీ చూపిస్తూనే ఉంది. ఇప్పుడు ఊరి మగవాళ్ల గాన బృందం భార్యలతో సహా బస్సు కట్టుకుని ఇటలీ దాటి క్రొయేషియాకి, ఇస్త్రియా తీరంలో ఓ పట్నానికి పాడటానికి వెళుతోంది. పైగా ఈసారి సెవెరీనోది మామూలు పాట కాదు. ముప్ఫై రెండేళ్లుగా రెండో వరుసలో, పొడుగాటి గిల్దో భుజం వెనక నిలబడి పాడిన మనిషికి, బృందం మాస్టారు మొట్టమొదటిసారి ఒక్కడే నిలబడి పాడే పాట ఇచ్చాడు. మూడు చరణాలు, చివర్లో ఒక పెద్ద ఆలాపన. నెల రోజుల నుంచీ సెవెరీనో మేకల కొట్టంలోకి వెళ్లి తలుపు మూసుకుని పాడుకుంటున్నాడు. ఇర్మా వంటింట్లో నుంచి చెవి ఒగ్గి వినేది, ఆయనకి తెలియకుండా. విని మురిసిపోయేది కూడా, కానీ ఆ ముక్క పైకి అంటే నెత్తినెక్కుతాడని ఊరుకుంది.

గిల్దో ఆ పాట తనకే వస్తుందనుకున్నాడు. రాకపోయేసరికి, "పర్లేదులే సెవెరీనో, నీ గొంతుకేమైనా అయితే నేనున్నాగా," అని కనిపించినప్పుడల్లా ధైర్యం చెప్పేవాడు.

శనివారం తెల్లారగట్ల బస్సు బయల్దేరింది. కొండలు దిగగానే ఇర్మాకి హుషారు వచ్చింది. డ్రైవర్ దగ్గర మైకు తీసుకుంది.

"మా ఆయన సంగతి విన్నారా? యూరప్ కార్డు తెమ్మని పంపిస్తే మూడున్నర గంటలు ఊరంతా తిరిగి, మన దగ్గరే ఉందని చెప్పాడు! ఏం గిల్దో, ఆ పొద్దున నీతోనే ఉన్నాడు కదూ? నిజం చెప్పు!"

గిల్దో ఔననలేదు, కాదనలేదు. పిప్పరమెంటు బిళ్ల చప్పరిస్తూ పెద్దగా నవ్వాడు. దాంతో బస్సంతా నవ్వింది. సెవెరీనో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. పాపం, బస్సులో పెరడు లేదు.

మధ్యాహ్నం సముద్రపుటొడ్డున భోజనాలు. నిప్పుల మీద కాల్చిన సార్డీన్ చేపలు పళ్లాలకి పళ్లాలు వచ్చాయి. కొండల్లో పుట్టి జున్నూ పోలెంటా తిని పెరిగిన జనానికి చేపని ముల్లు తీసి తినే ఓపిక ఎక్కడుంటుంది? పక్క బల్ల మీద ఇస్త్రియా వాళ్లు రెండు వేళ్లతో వెన్నెముక ఊడలాగి పక్కన పెడుతుంటే, మన వాళ్లు కీర ముక్కల్లా నమిలేశారు. ఎనిమిదో చేప దగ్గర సెవెరీనో గొంతు పట్టుకున్నాడు.

"ముల్లు," అన్నాడు. ఆ మాట కూడా సగమే వచ్చింది.

ఇక చూడాలి వైద్యం! రొట్టె మింగమన్నారు, మింగాడు. నమలకుండా మింగమన్నారు, అలాగే మింగాడు. ఒకాయన వీపు మీద గుద్దాడు, ఇంకొకాయన చేతులు పైకెత్తించాడు. రొట్టె అయిపోయింది గానీ ముల్లు కదల్లేదు. కళ్లలో నీళ్లు కారుతున్నాయి. గిల్దో లేచి, చొక్కా సర్దుకుని, ఓ మూలకి వెళ్లి గొంతు సవరించుకోవడం మొదలుపెట్టాడు. మాస్టారు గడియారం చూశాడు. రెండున్నర. కచేరీ ఆరింటికి.

"ఐదున్నర దాకా చూస్తానమ్మా," అన్నాడు ఇర్మాతో, "ఆ తర్వాత గిల్దోనే నిలబెట్టక తప్పదు."

ఇర్మా మొగుడి చెయ్యి పట్టుకుని, హోటలు వాళ్లు చూపించిన వీధిలో ఆసుపత్రికి పరుగుతీసింది.

ఆసుపత్రి చిన్నదే. కౌంటర్లో యద్రాంకా అని చొక్కా మీద పేరు పెట్టుకున్న ఒకావిడ ఉంది. ఆ తీరంలో చాలామందికిలాగే ఇటాలియన్ ఆవిడకీ వచ్చు.

"ముల్లా? కూర్చోండి, డాక్టరుగారు పది నిమిషాల్లో పిలుస్తారు. ఈలోగా మీ యూరప్ ఆరోగ్య కార్డు ఇవ్వండి."

"అదే లేదమ్మా," అంది ఇర్మా. "తెమ్మంటే ఈ పెద్దమనిషి తేలేదు."

"మరేం ఫర్వాలేదు. ఇక్కడ డబ్బు కట్టేయండి, రసీదు ఇస్తాను. మీ ఊళ్లో చూపించి వెనక్కి అడగొచ్చు."

ఇర్మా పర్సు తీసింది. సెవెరీనో ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. కౌంటరు మీద కాగితాల పుస్తకమూ పెన్నూ ఉంటే లాక్కుని రాశాడు: *కార్డు ఉంది. ఆ అమ్మాయి చెప్పింది.*

"మళ్లీ మొదలు! ఇక్కడ నీ ప్రాణం పోతోందయ్యా!"

*నేను పేకాడలేదు.*

"సరే, ఆడలేదు! ముందు లోపలికి పద!"

*ఊరికే అంటున్నావు.*

రాసి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. లోపలి నుంచి నర్సు పేరు పిలిచింది. లేవలేదు. రెండోసారి పిలిచింది. ఉమ్ము మింగినప్పుడల్లా మొహం వంకర తిరిగిపోతోంది, అయినా లేవలేదు. నలభై ఒక్కేళ్లలో ఇర్మా ఆయనతో ఏ వాదనా ఓడిపోలేదు. నోరు పడిపోయిన రోజునే ఆయన ఎదురుతిరిగాడు.

"ఏమయ్యా, నెల రోజులు మేకల కొట్టంలో పాడావు, నేను వినలేదనుకున్నావా?" అంది ఇర్మా. "రోజూ విన్నాను. ఆ ఆలాపన దగ్గర గరిటె కింద పెట్టేసి మరీ విన్నాను. ఇప్పుడు దాన్ని గిల్దోకి ధారపోస్తావా ఒక్క కార్డు కోసం?"

సెవెరీనో కళ్లు పెద్దవి చేసి చూశాడు. పెన్ను తీశాడు, మళ్లీ పెట్టేశాడు. కానీ లేవలేదు.

యద్రాంకాకి జాలేసింది. "అమ్మా, మీ ఆరోగ్య కార్డు ఉందా? మామూలుదే, మీ ఊళ్లో మందుల షాపులో చూపించేది?"

"అదెందుకు లేదు?" ఇర్మా తీసిచ్చింది.

యద్రాంకా దాన్ని వెనక్కి తిప్పి బల్ల మీద పెట్టింది. నీలం గుండ్రంలో నక్షత్రాలు, వాటి పక్కన పెద్దక్షరాలతో యూరప్ ఆరోగ్య బీమా కార్డు అని ఉంది. "ఇదేనమ్మా. మీ దేశంలో వేరే కార్డు ఇవ్వరు. దీని వెనక వైపే అది."

ఇర్మా కార్డు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇన్నేళ్లుగా ఆ కార్డు ఆమె పర్సులోనే ఉంది. ఒక్కసారి తిప్పి చూసిన పాపాన పోలేదు.

"ఇప్పుడు ఆయనది ఇవ్వండి."

సెవెరీనో రాజులా కార్డు తీసి ఇచ్చాడు. యద్రాంకా తిప్పింది. అక్కడ నక్షత్రాల్లేవు. గడ్డమూ, బిషప్పు టోపీ, చేతిలో రెండు కొవ్వొత్తులతో శాన్ బియాజో ఆమెకేసి చల్లగా చూస్తున్నాడు.

"ఈయన ఇక్కడికెలా వచ్చాడు?"

ఇర్మా నాలిక్కరుచుకుంది. అంటించింది తనే. నిరుడు చలికాలంలో సెవెరీనో గొంతు పూడిపోయి మూడు వారాలు మాట రాలేదు. ఫిబ్రవరి మూడున, ఈ దేవుడి పండగనాడు, చర్చిలో ఫాదర్ చేత గొంతు కింద కొవ్వొత్తులు పెట్టించి దీవెన ఇప్పించింది, అది చాలదన్నట్టు శాన్ బియాజో చిన్న కాగితం పటమూ తెచ్చింది. గొంతు కాపాడే దేవుడు ఈ మనిషి వెంట ఎప్పుడూ ఉండాలంటే ఎక్కడ పెట్టాలి? గొడుగులు పోగొడతాడు, కళ్లజోళ్లు పోగొడతాడు, రక్తపోటు మాత్రలకి చూపించే ఆ కార్డొక్కటే ఎప్పుడూ జేబులో ఉంటుంది. తమ్ముడి చెప్పుల కొట్లోంచి జిగురు తెచ్చి మరీ అంటించింది. మందుల షాపు పిల్ల ముందు వైపు చూసి నంబరు కొట్టుకునేది కాబట్టి ఎవరూ అడగలేదు.

"తీసేయండమ్మా, కింద ఉన్న నంబరు కావాలి నాకు."

"తియ్యడమా? గొంతులో ముల్లు ఉండగా శాన్ బియాజోని పీకడమా?" ఇర్మా గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. "చంపేసినా చెయ్యను!"

"ఈయన మాకూ దేవుడేనమ్మా, మేం బ్లాజ్ అంటాం," అంది యద్రాంకా. "ఆయన ఏమీ అనుకోడు. ఆయనకి పని జరగడమే ముఖ్యం."

నర్సు వేడి నీళ్ల పళ్లెం, పల్చటి పట్టకారు తెచ్చింది. కార్డు నీళ్లలో వేశారు. చెప్పుల జిగురు అంత తొందరగా వదులుతుందా? ముందు పాదాలు లేచాయి, తర్వాత కొవ్వొత్తులు. ముగ్గురాడవాళ్లూ పళ్లెం మీదకి వంగి ఊపిరి బిగబట్టారు. టోపీ దగ్గర కాస్త మొరాయించి, ఎట్టకేలకి దేవుడు చిరగకుండా మొత్తంగా వచ్చేశాడు. కింద పన్నెండు నక్షత్రాలూ తడితడిగా మెరిశాయి.

సెవెరీనో అప్పుడు లేచి డాక్టరు గదిలోకి వెళ్లాడు.

ఆయన పర్సు ఇర్మా ఒళ్లో ఉండిపోయింది. కార్డు తుడిచి లోపల పెడదామని చూస్తే, అరలో మడత పెట్టిన చిన్న చీటీ కనబడింది. ఆరోగ్య కార్యాలయం వరస చీటీ. నంబరు ఎనభై ఏడు. ఆ రోజు తేదీ. ఉదయం ఎనిమిది గంటల నలభై నిమిషాలు. ఇర్మా దాన్ని రెండుసార్లు చదివింది. అంతసేపు, తన కోసం, ఆ ఆఫీసు బల్ల మీద కూర్చున్నాడు మనిషి. ఇంటికి వస్తే దొంగని చేసింది. అది చాలక మైకు పట్టుకుని ఊరందరికీ చెప్పింది. సిగ్గేసింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా.

పావు గంటలో సెవెరీనో బయటికొచ్చాడు, వేలెడంత సీసాలో ముల్లుతో సహా. వెనకే డాక్టరు. "ఒక్క పాట, అంతే. పాట తప్ప రేపు పొద్దుటి దాకా ఒక్క మాట మాట్లాడకూడదు."

"ఈ చీటీ మొదటి రోజే నా మొహాన కొట్టి ఉండొచ్చు కదయ్యా!" అంది ఇర్మా.

సెవెరీనో పెన్ను తీశాడు. *చీటీని నమ్మితే నాకేం లాభం? నమ్మాల్సింది నన్ను.*

ఆరింటికి సెవెరీనో మొదటి వరుసలో నిలబడి పాడాడు. ఆలాపన దగ్గర కాస్త బొంగురు తగిలింది గానీ, ఎక్కడా తెగలేదు. మొదటి బల్ల మీద ఇర్మా తడి ఆరని శాన్ బియాజోని రుమాల్లో పట్టుకుని కూర్చుంది. చప్పట్లు ఆగాక కూడా ఆమె కొడుతూనే ఉంది.

తిరుగు ప్రయాణంలో, ఇంకా ఎండ ఉండగానే, ఇర్మా లేచి డ్రైవర్ దగ్గర మైకు తీసుకుంది. జనం నవ్వడానికి తయారయ్యారు.

"పొద్దున నేను చెప్పింది తప్పు," అంది. మైకులో కూడా మెల్లగానే వినపడింది. "మా ఆయన ఆ రోజు ఆఫీసుకే వెళ్లాడు. ఎనభై ఏడో నంబరు. కార్డు ఆయన జేబులోనే ఉంది. దాని మీద దేవుణ్ణి అంటించింది నేను. ఆయన అబద్ధం చెప్పలేదు."

నవ్వబోయిన వాళ్లంతా సెవెరీనో వైపు తిరిగారు. గిల్దో కిటికీలోంచి సముద్రాన్ని శ్రద్ధగా చూస్తున్నాడు.

"ఏం సెవెరీనో, ఏమంటావ్?" అని ఎవరో కేకేశారు.

మాట్లాడకూడదు కదా. వెనక సీట్లో ఉన్న సెవెరీనో కాగితం మీద ఏదో రాసి ముందుకి అందించాడు. చేతులు మారుకుంటూ అది ఇర్మా దాకా వచ్చింది. ఆమె మైకులోనే చదివింది:

"సరిగ్గా వినపడలేదే. ఇంకోసారి, కాస్త గట్టిగా."

ఇర్మా మొగుడి కేసి చూసింది. ముక్కు చీదుకుని, మైకు నోటి దగ్గరికి పెట్టుకుని, మొదటి నుంచి మళ్లీ చెప్పింది, ఈసారి బస్సు అద్దాలు అదిరేలా.