ఆయతికి కట్టిన తప్పు

గుళిక నాలుక కింద పెట్టుకున్నాక కాసేపు ఆయతి ఎవరితోనూ మాట్లాడదు. గోడకు వీపు ఆనించి, మోకాళ్లు దగ్గరకు లాక్కుని, కళ్లు మూసుకుని కూర్చుంటుంది. అప్పటిదాకా కారుతున్న ముక్కు ఆగాలి, ఆవలింతలు ఆగాలి, పిక్కల్లో నరాలు గుంజడం ఆగాలి. అవన్నీ సద్దుమణిగాక లేచి వాకిలి ఊడ్చి, కడవ తీసుకుని శబరి ఒడ్డుకు వెళుతుంది. ఆ చేదు ముక్క పడకముందు చూసినవాళ్లు ఆమెను ముసలిదనుకుంటారు. పడ్డాక చూస్తే ముప్పై అయిదేళ్లంటారు. రెండోదే నిజం.

కోంటాలో ఉప్పు గోదాము వెనక ఆరు గుడిసెలున్నాయి. యుద్ధం వచ్చి కర్రకు గిరాకీ పెరిగాక వెలిసినవి. భద్రాచలం నుంచి ఉప్పు తెచ్చే బండ్లవాళ్లు, శబరి మీద దుంగల తెప్పలు నడిపేవాళ్లు, అడవిలో కర్ర కొట్టించే కూపు మేస్త్రీలు అక్కడికే వస్తారు. చివరి గుడిసె ఆయతిది. ఆమెను మరైగూడ నుంచి కూపు పనికని తీసుకొచ్చిన మేస్త్రీ ఒక ఎండాకాలం ఉంచుకుని, వానలు పడగానే తెప్పతో పాటు కిందికి పోయాడు. ఆ గుడిసె మాత్రం మిగిలింది.

వచ్చినవాడు సారా తెస్తాడు, ఆమెకూ పోస్తాడు. తాగకపోతే వాడికి కోపం, తాగితే ఆమెకు తేలిక. ఆ మాటకొస్తే సారా ఆమెకు కొత్తేం కాదు. పుట్టుకకూ పెళ్లికీ చావుకూ ఆకుదొప్పల్లో ఇప్పసారా పోసుకునే ఊళ్లో పుట్టిన మనిషి. సారా రాత్రి పడేస్తుంది, తెల్లారి లేవనిస్తుంది. నల్లమందు అలా కాదు, లేవాలన్నా అదే కావాలి.

దాన్ని మప్పింది పక్క గుడిసెలో ఉండిన దేవే అనే ఆమె. చెడు తలచి కాదు పాపం. మొదటి వానాకాలంలో ఆయతి ఒళ్లంతా పుండై, నిద్రపట్టక ఏడుస్తుంటే, ఆమె తల తన ఒళ్లో పెట్టుకుని కందిగింజంత ముక్క నోట్లో వేసింది. ఒళ్లు నీది కానట్టుంటది, మింగు బిడ్డా అంది. సొంత తల్లి కూడా అంత మెత్తగా తల నిమరలేదని ఆయతి ఇప్పటికీ అనుకుంటుంది. దేవే నిరుడు చచ్చిపోయింది. ఆ గుడిసెలో ఇప్పుడు మేకలను కడుతున్నారు.

ఇవాళ సంత. ఇవాళ తమ్ముడు హుంగా వస్తాడు. పోయిన సంతలోనే కబురు పంపాడు, వచ్చే సంత అయిన రెండోనాడు కూతురి పెండ్లి అని. అంటే ఎల్లుండే. ఆ ఇళ్లలో మేనత్త నీళ్లు పోస్తే గాని పెండ్లిపిల్ల పందిట్లోకి రాదు. హుంగాకు ఉన్న ఒక్క అక్క ఆయతి. ఆమె వచ్చి నీళ్లు పోస్తే ఊరు మళ్లీ ఆమెను కలుపుకున్నట్టే, పెద్దలు ఒప్పుకున్నారట. రాకపోతే వేరే ఆడమనిషి ఆ తావులో నిలబడుతుంది. నిలబడ్డాక ఇక ఆ తావు ఆమెదే.

నీళ్లకు పోతూ పోతూ ఆయతి కడవను దారిలో దించి, షావుకారు శ్రీరంగం ఇంటి వెనక వాకిట్లో నిలబడింది. నల్లమందు అమ్మడానికి సంస్థానం దర్బారు ఇచ్చిన పట్టా ఉన్న షావుకారు ఆ చుట్టుపక్కల ఆయనొక్కడే. మధ్యాహ్నం దుకాణం తెరుస్తాడు. మనిషికి రోజుది రోజే ఇస్తాడు. సగం సాయంత్రానికి, సగం తెల్లవారికి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, శ్రీరంగం చెడ్డవాడు కాదు. తూకంలో మోసం చేయడు, ఆడవాళ్లను ఎగాదిగా చూడడు. వేపపుల్ల నములుతూ ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. పెండ్లి అంటే సంతోషమేనన్నాడు. మూడు రోజులది ఒకసారి ఇమ్మంటే మాత్రం, పట్టా ఒప్పుకోదు, తన చేతిలో లేదన్నాడు. ఏ రోజుకారోజు వచ్చి తీసుకుపొమ్మన్నాడు. మరైగూడకు పొద్దున బయలుదేరితే పొద్దుగూకేసరికి చేరతారు. ఏ రోజుకారోజు ఎవరు రాగలరు?

తిరిగి వచ్చేసరికి గుమ్మం దగ్గర ఒక బండివాడు సీసాతో కూర్చుని ఉన్నాడు. ఆయతి వాణ్ని ఇంకో గుడిసెకు పొమ్మంది గాని, సీసా చూసి మళ్లీ మనసు మార్చుకుని, రెండు దొప్పలు పోయించుకుని తాగింది. ఇవాళ ధైర్యం కావాలి. మూడో దొప్ప వాడు పోస్తూ ఉండగా హుంగా వచ్చాడు.

భుజాన గొడ్డలి, చేతిలో సారా నింపిన సొరబుర్ర, నడుముకు చుట్టిన గుడ్డలో ఏదో మూట. మూడేళ్లుగా సంతలో ఎదురుపడినా ముఖం తిప్పుకుని పోయిన మనిషి. ఇవాళ గుమ్మం ముందు నిలబడి, అక్కను కాదు, బండివాణ్ని కింది నుంచి పైదాకా చూశాడు.

"వీడేనా?" అన్నాడు.

బండివాడు సీసా చంకలో పెట్టుకుని సందు పట్టాడు. ఆయతికి నవ్వొచ్చింది. ఎన్నాళ్లకో వచ్చిన నవ్వు, ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. హుంగా నవ్వలేదు. గుమ్మం ముందు గొంతుక్కూర్చుని, సొరబుర్ర జాగ్రత్తగా నేల మీద నిలబెట్టాడు.

అతను వచ్చిన పని వేరు. మూడేళ్ల కిందట తల్లి చచ్చిపోయినప్పుడు ఆయతి మరైగూడ వెళ్లింది. మూడోనాడు పోయినవాళ్ల పేర బిడ్డలు రాయి నిలపాలి. రెండోనాడు మధ్యాహ్నమే ఆమె ఎవరికీ చెప్పకుండా అడవిదారిన కోంటాకు వచ్చేసింది. దాచుకున్న గుళికలు అయిపోయాయి, కడుపు మెలిపెట్టింది, చెట్లు పట్టుకుని వాంతులు చేసుకుంటూ నడిచింది. ఊరికి ఆ సంగతి తెలియదు. కోంటాలో ఉన్న మగవాడు రమ్మన్నాడట, తల్లి రాయి కంటే వాడే ఎక్కువైనాడట అనుకున్నారు. హుంగా ఒక్కడే రాయి నిలిపాడు.

అలాంటి చోట చేయవలసింది వాళ్లకు తెలుసు. ఆడమనిషి ఒకరి ఇంట ఉండిపోతే, కావలసినవాళ్లు ఆమెను విడిపించుకోడానికి ఆ మగవాడికి తప్పు కడతారు. వస్తువేదో చేతిలో పెట్టి, ఇద్దరూ ఒకే దొప్పలో సారా తాగితే, ఇక వాడికి ఆమె మీద మాట లేదు. హుంగా అందుకే సొరబుర్ర తెచ్చాడు. కొట్లాటకు రాలేదు. వాడు ఎవడైనా సరే, పక్కన కూర్చుని మాట్లాడతానన్నాడు.

ఆయతి అతని ఎదురుగా కూర్చుంది. నిజం నోటి దాకా వచ్చింది. మగవాడు లేడు తమ్ముడా, కందిగింజంత ఉంటది అని చెప్పాలనుకుంది. చెబితే ఏమంటాడు? కందిగింజంత దాని కోసం అమ్మ రాయి వదిలి వచ్చినవా అంటాడు. మగవాడి కోసమంటే ఏదో ఒకనాటికి మరిచిపోతాడు. సిగ్గుతో ఆమె మెడ కాలిపోయింది.

"ఉన్నడు," అంది. "ఇడవడు."

"నాకు చూపియ్యి. నేను మాట్లాడ్త."

"నీతోని మాట్లాడడు తమ్ముడా. ఎవ్వలతోని మాట్లాడడు."

హుంగా తలెత్తి పొద్దు చూశాడు. సంత నుంచి మరైగూడ వాళ్లు మధ్యాహ్నమే గుంపుగా బయలుదేరి, రాత్రికి దారిలోని ఊళ్లో ఆగి పోతారు, ఎలుగుబంట్లు తిరిగే దారి. అతను నడుము గుడ్డ విప్పి ఒక ఇత్తడి కడియం తీశాడు. అమ్మది. ఒళ్లు కాల్చే ముందు తీసి దాచినది.

"గిది వానికి ఇయ్యి అక్కా. నువ్వే అను. గిది పట్టు, మా ఆడబిడ్డను ఇడువు. వాడు మనిషే అయితే ఇడుస్తడు. రేపు పొద్దుగూకేదాక మన ఊరి వాగు కాడ నీకోసం నిలబడ్త."

తన తప్పు తానే కట్టుకున్న ఆడదాన్ని ఆ ఊళ్లలో ఎవరూ ఎరగరు. అయినా ఆయతి చెయ్యి చాపింది. హుంగా సొరబుర్ర వంచి ఒక దొప్ప నింపాడు. సగం తాను తాగి, మిగతా సగం ఆ మగవాడి వాటాగా గుమ్మం పక్కన పెట్టాడు. వెళుతూ వెళుతూ ఆమె తల మీద చెయ్యి వేయబోయి, మళ్లీ వేయలేదు.

ఆమె కడియం తొడుక్కుంది. తల్లికి జబ్బకు బిగువుగా ఉండేది ఆమెకు మోచేతి దాకా జారింది. గుంపు వెనకే ఆమె కూడా నడిచింది. టేకు దుంగలు పేర్చిన చోటు దాటింది, ఆఖరి పొలం దాకా వెళ్లింది. ముందు తమ్ముడి వీపు, గొడ్డలి కనబడుతున్నాయి. నాలుగు అడుగులు పెద్దవి వేస్తే అందుకుంటుంది. పిలిస్తే ఆగుతాడు. అప్పుడు మొదటి ఆవలింత వచ్చింది. వెంటనే రెండోది వచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి. గుంపు చెట్లలోకి వెళ్లిపోయే దాకా ఆమె అక్కడే నిలబడి, వెనక్కి తిరిగింది.

శ్రీరంగం అప్పుడే దుకాణం తెరిచాడు. ఆయతి కడియం తీసి, త్రాసు ఉన్న చెక్క మీద పెట్టింది.

"నేను తాకట్టు పట్టను ఆయతీ, నీకు తెల్వదా?" అన్నాడు ఆయన.

"తాకట్టు గాదు సావుకారీ. తప్పు." తమ్ముడు నేర్పిన మాటలు అలాగే అంది. "గిది పట్టు. మా ఆడబిడ్డను ఇడువు."

శ్రీరంగం ఆమె ముఖంలోకి చూశాడు. సారా వాసన తగిలింది. జాలిపడ్డాడు. నిన్ను పట్టుకుంది ఎవరు తల్లీ అని గొణుక్కుని, రోజూ ఇచ్చేంత ముక్క కోసి, తూచి, టేకు ఆకులో చుట్టి కడియం పక్కన పెట్టాడు. కడియాన్ని మాత్రం ముట్టుకోలేదు, తీసుకుపొమ్మన్నాడు.

ఆయతి రెండింటినీ చూసింది. వాడు పుచ్చుకుంటేనే విడుదల. పుచ్చుకోకపోతే కట్టినవాళ్లు తమది తాము తిరిగి తీసుకుపోతారు, మనిషి అక్కడే ఉండిపోతుంది. తిరిగి తీసుకోనని ఆమె గట్టిగానే అనుకుంది. ముక్కు కారుతోంది. చెయ్యి వెళ్లి ఆకు పొట్లాన్ని తీసుకుంది.

శ్రీరంగం వెనక నుంచి రెండుసార్లు పిలిచాడు. ఆమె ఆగలేదు. సంత వీధి దాటకముందే సాయంత్రానిదీ తెల్లవారిదీ కలిపి నాలుక కింద పెట్టుకుంది, తిరిగి చూడలేదు. చెక్క మీద త్రాసు పక్కన కడియం అలాగే ఉంది, తల్లి జబ్బకు రాసుకుని రాసుకుని ఒక వైపు పలచబడి.